మా అబ్బాయి పేరున్న మైదానం

మా క్వార్టర్ వెనక ఉన్న మైదానానికి మా అబ్బాయి పేరు పెట్టారు. ఆ పేరేమిటో ఇక్కడ రాయను. ఇప్పటికే అది ఊళ్ళో అందరి నోళ్ళలో నానుతోంది, మధ్యలో నేను కూడా ఓ చెయ్యి వెయ్యడం దేనికి? మా అబ్బాయి పోయి నాలుగేళ్ళు దాటింది. ఆ మైదానానికి వాడి పేరు పెట్టాల్సిందేనని నేను పట్టుబట్టాను, పెట్టడానికి వీల్లేదని వాళ్ళమ్మ పట్టుబట్టింది. నేను నెగ్గాను. నెగ్గి ఏం బావుకున్నానో చెప్పడానికే ఇదంతా.

ముందు పేరు సంగతి చెప్పాలి. మా నాన్న శ్రీకాకుళం పక్కన ఓ పల్లె నుంచి, ఉక్కు ప్లాంట్ ఇంకా కడుతున్న రోజుల్లో భిలాయి వచ్చాడు. కోక్ ఓవెన్లలో పనిచేసి రిటైరయ్యాడు. మా పెళ్ళయిన మరుసటి ఏడాది పోయాడు. కొడుకు పుడితే తాత పేరు పెట్టడం మాలో రివాజు, పెట్టాం. కోడలు మామగారి పేరు నోటితో పలకకూడదన్నదీ మాలో రివాజే. రెండు రివాజులూ వచ్చి ఒకే పిల్లాడి నెత్తిన పడ్డాయి. వాళ్ళమ్మ వాణ్ణి పుట్టినప్పటి నుంచీ బాబు అనే పిలిచింది, కోపం వస్తే గుంటడా అనేది. టీకాలకు తీసుకెళ్ళాలన్నా, బడిలో చేర్పించాలన్నా పక్క క్వార్టర్ ఆవిణ్ణి వెంటబెట్టుకుని వెళ్ళేది. అక్కడ ఎవరైనా పేరు అడిగితే ఆవిడ చెప్పాలి. నేను కూడా వాణ్ణి పేరు పెట్టి తిట్టింది లేదు. కన్నతండ్రి పేరు పట్టుకుని వెధవా, దరిద్రుడా అనడానికి నాకు మాత్రం నోరెలా వస్తుంది? ఇంట్లో ఆ పేరు గోడ మీద మా నాన్న ఫోటో కిందా, వాడి మార్కుల కాగితాల మీదా ఉండేది తప్ప ఎవరి నోటా ఉండేది కాదు.

వాడికి ఇదంతా పెద్ద తమాషా. ఇక్కడ పుట్టిన పిల్లలందరిలాగే వాడికీ తెలుగు కంటే హిందీ ధారాళం. తల్లి వంటింట్లో ఉంటే గుమ్మంలో నిలబడి సతాయించేవాడు.

"అమ్మా, ఏక్ బార్. ఒక్కసారి నా పేరు పలుకు. ఏం కాదు. తాతయ్య పైనుంచి సునేంగే క్యా?"

"సాల్లేరా గుంటడా. బాబూ అంటే పలకవేటి? నీకు రెండు పేర్లెందుకు?"

"పాస్‌పోర్ట్‌లో బాబు అని రాయిస్తే చలేగా క్యా?"

"అక్కడ మీ నాన్న రాస్తారు. నాకేటి పని?"

నేను పేపరు చాటున నవ్వుకునేవాణ్ణి. ఆవిడ ఎంత మొండిదో నాకు తెలుసు.

ఐటీఐ పాసై, ఓ చిన్న వర్క్‌షాపులో లేత్ మీద పనికి కుదిరాడు వాడు. పని తర్వాత వాడి ప్రాణమంతా ఫుట్‌బాల్. దేశమంతా క్రికెట్ అంటే వీడొక్కడూ ఫుట్‌బాల్ అన్నాడు. అదీ మళ్ళీ ఇటలీ ఫుట్‌బాల్. సుపేలా సంతలో కొన్న, మిలాన్ ఊరి జట్టువాళ్ళు వేసుకునే నీలం నలుపు చారల బనీనొకటి ఒంటి మీద నుంచి దిగేది కాదు. నేను ఆ బనీను చూసి "ఏరా, మిలాన్ నుంచి ఎప్పుడొచ్చావు?" అంటే ఉక్రోషపడేవాడు. మ్యాచ్‌ల కంటే కూడా ఆ స్టేడియాల మీద వాడికి ఓ పిచ్చి ఉండేది. అక్కడ స్టేడియానికి పేరుంటే, ఆ పేరు వెనక ఓ మనిషుంటాడని, ఆ మనిషి ఎవరో తెలుసుకోకుండా ఆట చూడకూడదని వాడి సిద్ధాంతం. ఆదివారం మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆ సంగతులన్నీ విప్పేవాడు. నేను సగం విని సగం వదిలేసేవాణ్ణి. వాళ్ళమ్మ మాత్రం వడ్డన ఆపి మరీ వినేది.

"అమ్మా, జెనోవా అని ఊరుంది. అక్కడి టీమ్ కెప్టెన్ లడాయిలో చనిపోయాడు, మొదటి ప్రపంచ యుద్ధంలో. స్టేడియానికి ఆయన పేరు పెట్టారు. ఆయన మెడల్‌ని గోల్ దగ్గర భూమిలో పాతిపెట్టారట, తెలుసా?"

"ఆల అమ్మ ఉందేటి అప్పటికి?"

"అరే, వాళ్ళమ్మ గురించి ఎవరు రాస్తారమ్మా?"

పార్మా అనే ఊళ్ళో స్టేడియం కట్టించడానికి పూనుకున్న వకీలు, అది పూర్తయ్యేలోపే కన్నుమూశాడట. దానికి ఆయన పేరు. "ఆల అమ్మ ఉందేటి?" అని మళ్ళీ అడిగింది. నేపుల్స్‌లో ఓ సాధువు పేరున్న స్టేడియానికి ఆ పేరు తీసేసి, ఎక్కడో దూరదేశం నుంచి వచ్చి తమ ఊరిని గెలిపించిన ఆటగాడి పేరు పెట్టారట, ఆయన చనిపోయిన కొద్ది రోజులకే.

"దేవుడి మనిసి పేరు తీసీసి బంతాటోడి పేరెట్టీసినారా? కళ్ళు పోతాయి" అంది మా ఆవిడ.

ఒకప్పటి నియంత బతికుండగానే తన పేరు ఒక స్టేడియానికీ, తన కూతురి పేరు ఇంకో దానికీ పెట్టించుకున్నాడనీ, వాడు పడిపోయాక జనం ఆ పేర్లు పీకి పారేశారనీ కూడా చెప్పాడు. అది విని నేను, మన దగ్గర నాయకుల పేర్లు పీకేవాళ్ళు లేక బోర్డులు పాతబడుతున్నాయిరా అన్నాను. ముగ్గురం నవ్వుకున్నాం. ఆ నవ్వులన్నీ ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండిపోతుంది. ఎందుకు మండుతుందో, ఎవరి మీద మండుతుందో తెలియదు.

మే నెలలో ఓ సాయంత్రం మా వెనక మైదానంలో మ్యాచ్ పెట్టుకున్నారు. పక్కనున్న భిలాయి-3 నుంచి వచ్చిన కుర్రాళ్ళతో. అప్పటికి ఆ మైదానానికి పేరేమీ లేదు, వెనక గ్రౌండ్ అంటే వెనక గ్రౌండే. మా వాడి జట్టు ఒక గోల్ ముందుంది. రెండో సగంలో, బంతి ఎక్కడో అవతల ఉండగా, మా వాడు నడుం మీద చెయ్యేసుకుని నిలబడ్డాడట. తర్వాత కూర్చున్నాడట. తర్వాత పడుకున్నాడట. గెలుస్తున్న జట్టు టైం తినెయ్యడానికి వేసే నాటకం అనుకున్నారు అందరూ. ఎదుటి జట్టువాళ్ళు లేవరా దొంగా అని తిట్టారు. మా వాడి జట్టువాళ్ళు, బాగా చేస్తున్నాడని ఈల వేశారు. రిఫరీ వచ్చి పైకి లేవమని చెయ్యి చూపించాడు. కోచ్ పరిగెత్తుకుంటూ వచ్చి మొహం చూసేదాకా ఆ ఈలలు ఆగలేదని తర్వాత ఒకడు ఏడుస్తూ చెప్పాడు. వాడి మీద నాకు కోపం లేదు. నేనక్కడుంటే నేనూ ఈల వేసేవాణ్ణేమో.

నేను ప్లాంట్‌లో, రైల్ మిల్లు బి షిఫ్టులో ఉన్నాను. వాళ్ళమ్మ గోడ అవతలే ఉంది కాబట్టి ఆవిడ వెళ్ళింది, ఎవరిదో కారులో వాడితోపాటు ఆసుపత్రికి వెళ్ళింది. నాకు ఫోన్ వచ్చేసరికి, నేను గేటు దాటి స్కూటర్ మీద ఆసుపత్రికి చేరేసరికి చాలాసేపయింది. కౌంటర్ దగ్గర మా వాడి పేరు, ఇంటిపేరుతో సహా చెప్పాను. అక్కడున్నతను ఆ సాయంత్రం వచ్చినవాళ్ళందరి పేర్లూ చూశాడు. ఓపిగ్గా రెండోసారి కూడా చూశాడు. ఆ పేరుతో ఎవరూ రాలేదన్నాడు.

నిజం చెబుతున్నాను, అప్పుడు నా ప్రాణం లేచొచ్చింది. ఇక్కడికి తేలేదంటే పెద్ద విషయం కాదన్నమాట, ఎండదెబ్బ కాబోలు, దగ్గర్లో ఏ డాక్టరుకో చూపించి ఇంటికి తీసుకెళ్ళి ఉంటారు అనుకున్నాను. ఫోన్ చేసి కంగారుపెట్టినవాణ్ణి మనసులో తిట్టుకున్నాను కూడా. అక్కడ కూలర్ ఉంటే వెళ్ళి కడుపునిండా చల్లటి నీళ్ళు తాగాను. గ్లాసు కడిగి బోర్లించి ఇటు తిరిగేసరికి వరండా చివర బెంచీ మీద మా ఆవిడ కనబడింది. కాళ్ళకు చెప్పుల్లేవు. చేతిలో చీటీ ఉంది. చీటీ మీద రోగి పేరు బాబు అని ఉంది.

ఆవిణ్ణి పేరు అడిగారు. వెంట పక్క క్వార్టర్ ఆవిడ లేదు. కారులో వచ్చిన కుర్రాళ్ళు స్ట్రెచర్ వెంట లోపలికి పరిగెత్తారు. ఆవిడ ఒక్కతే ఉంది, బాబు అంది, అతను అదే రాసుకున్నాడు. ఈ లోకంలో మా వాళ్ళు తప్ప ఇంకెవరూ చెయ్యని పని అది. కొడుకు లోపల స్ట్రెచర్ మీద ఉంటే బయట మామగారి మర్యాద నిలబెట్టింది. వాడు దారిలోనే పోయాడు కాబట్టి పేరు వల్ల అక్కడ జరిగిన నష్టమేమీ లేదు, అది నాకు తెలుసు. కానీ నేను ఆ నీళ్ళు తాగాను. వాడు లోపల బట్ట కప్పుకుని పడుకుని ఉండగా నేను హాయిగా చల్లటి నీళ్ళు తాగాను. అది నన్ను వదల్లేదు. ఆవిడ ఆ ఒక్క పేరు చెప్పి ఉంటే ఆ నీళ్ళు నా గొంతు దిగేవి కావు కదా అని, చాలా రోజులు ఆవిడ మొహం చూడబుద్ధి కాలేదు నాకు.

శివనాథ్ నదిలో అస్థికలు కలిపి వచ్చిన కొన్నాళ్ళకు కోచ్ మా ఇంటికొచ్చాడు. ఆయన కూడా మా ప్రాంతం మనిషే, విజయనగరం వైపు. రెండు తరాలుగా రైల్వే ఉద్యోగాల్లో ఉన్న క్రైస్తవ కుటుంబం, భిలాయి-3లో ఇల్లు. రిటైరయ్యాక సాయంత్రాలు వచ్చి మా సెక్టార్ పిల్లలకు ఆట నేర్పిస్తాడు. కుర్చీ అంచున కూర్చుని, టీ ముట్టుకోకుండా చాలాసేపు నేల చూశాడు.

"తమ్ముడూ, పిల్లలందరూ ఒక మాట అనుకున్నారు. గ్రౌండుకి మనోడి పేరెడదామని."

ఆయన జేబులోంచి ఫోన్ తీశాడు.

"కొత్తేటీ కాదు. ఇటలీలో పెరూజా అని ఊరుందంట, నాను ఫోన్లో సూసినాను. వానలో మేచ్ ఆడతా ఆడతా ఒకడు ఇలాగే పడిపోయినాడు. గుండే. ఆ స్టేడియంకి ఆడి పేరే ఎట్టినారు. మనోడికి ఇటలీ అంటే పేణం కదా."

"ఒద్దన్నయ్యా" అంది మా ఆవిడ గుమ్మంలోంచి.

"ఎందుకమ్మా?"

"అక్కడ గుట్కా నమిలి ఉమ్ముతారు. అమ్మనీ అక్కనీ తిట్టుకుంటారు. దానికి బాబు పేరేటి?"

ఆయన నాతో కాకుండా ఆవిడతోనే మెల్లగా చెప్పాడు. "సూడమ్మా. మావోలు పోతే కబర్‌స్తాన్‌లో ఒక రాయి ఉంటాది. ఆదివారం ఎల్తాం, పువ్వులెడతాం, రాయి మీద పేరు సదువుకుంటాం. మీవోలకి ఏటుంటాది? బూడిద ఏట్లో కలిపీసినారు. ఆడి పేరు ఎక్కడెట్టినారు? ఎక్కడికెల్లి సూసుకుంటారు?"

ఆ మాట నా గుండెలో దిగబడిపోయింది. వాడి పేరు ఎక్కడ పెట్టాం? ఆసుపత్రి చీటీ మీద కూడా పెట్టలేదు కదా. ఎంత పెద్ద అక్షరాలతో రాస్తే అంత పెద్ద అక్షరాలతో రాయాలి, ఊరంతా చదవాలి అనిపించింది. ఆయన వెళ్ళాక మా ఆవిడ నా ముందుకొచ్చి నిలబడింది.

"ఒద్దని సెప్పండి. ఆ పేరెట్టి నానే ఒక్కపాలీ పిలవనేదు. ఊల్లో ఎవడు పడితే ఆడు పిలుస్తాడేటి?"

"పిలవాల్సినప్పుడు నువ్వు పిలిచి ఉంటే సరిపోయేది. పిలిచేవాళ్ళని ఆపడానికి నువ్వెవతివే?" అన్నాను.

ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది. నేను నెగ్గడమంటే ఇదే.

బోర్డు నీలం రంగు, తెల్లటి హిందీ అక్షరాలు, పేరుకు ముందు స్వర్గీయ. ఆవిష్కరణకు స్థానిక నాయకుడొకడు వచ్చాడు. వస్తూనే వెళ్ళిపోయే తొందరలో ఉన్నాడు. మా వాడి పేరు మా నాన్న కాలం నాటి పేరు, వింటే పంచె, పొన్నుకర్ర గుర్తొస్తాయి. ఆయనకు ఎవరూ సరిగ్గా చెప్పినట్టు లేరు. ప్లాంట్ కోసం చెమటోడ్చిన ఆ పెద్దాయన అడుగుజాడల్లో యువత నడవాలని మైకులో దంచాడు. పిల్లలు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. కోచ్ వెళ్ళి చెవిలో ఏదో చెబితే, ఆయన ఓహో అని మా ఇద్దరికీ నమస్కారం పెట్టి, మైకు మా ఆవిడకు అందించాడు. "మాతాజీ, బేటే కే బారే మే దో శబ్ద్" అన్నాడు, కొడుకు గురించి రెండు మాటలు చెప్పమని. ఆవిడ మైకు పట్టుకుని బోర్డు వైపు తిరిగింది. పెదవులు కదిలాయి. ఎంతసేపటికీ మాట రాలేదు. ఆడవాళ్ళంతా కొంగులు నోట్లో కుక్కుకుని ఏడ్చారు, దుఃఖంతో గొంతు పూడుకుపోయిందనుకున్నారు. ఆవిడ ఎక్కడ ఆగిపోయిందో అక్కడున్న వాళ్ళలో నా ఒక్కడికే తెలుసు.

ఆ తర్వాత మొదలైంది అసలు సంగతి. పేరు పెట్టిన కొత్తలో జనం మా వాణ్ణి తలుచుకుని ఆ పేరు పలికేవారు. ఆ ముచ్చట ఒక వానాకాలం కూడా నిలవలేదు. పేరు మనిషిని వదిలేసి నేలకు అంటుకుపోయింది. కాలనీ వాట్సాప్‌లో పొద్దున్నే వచ్చేది, ఫలానా గ్రౌండ్‌లో మురుగునీళ్ళు నిలిచాయని. ఫలానాలో కుక్క చచ్చి కంపు కొడుతోందని. ఫలానా దగ్గర తాగి కొట్టుకున్నారని, పోలీసులు వచ్చారని. గ్రౌండ్ అన్న మాట కూడా అరిగిపోయి ఉత్త పేరే మిగిలింది. దసరాకు ఫలానాలో రావణుణ్ణి తగలేశారు. చలికాలంలో అక్కడ డేరాలేసి చెప్పుల సేల్ పెట్టారు. పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా ఆటోకు మైకు కట్టి వీధి వీధీ తిప్పారు, చలో చలో అంటూ మా వాడి పేరు, ఒక జత కొంటే ఒక జత ఉచితం అంటూ. ఆ ఆటో మా ఇంటి ముందు మలుపు తిరగలేక ఆగి, వెనక్కొచ్చి, మళ్ళీ తిరిగేది. ఆ సేల్ ఉన్నన్ని రోజులూ మా ఆవిడ కిటికీలన్నీ మూసి కూర్చుంది. కూరలకు వెళ్ళడానికి మైదానం పక్క దారి మానేసి, అంత దూరం చుట్టూ తిరిగి వెళ్ళడం ఎప్పుడో మొదలుపెట్టింది. "ముందే చెప్పానుగా" అని మాత్రం ఆవిడ అనలేదు. అని ఉంటే తిరిగి ఏదో ఒకటి అని బతికేవాణ్ణి.

ఒకరోజు ఆ బోర్డు కిందే బండి పెట్టుకుని పానీపూరీ అమ్మే అతన్ని, ఏం తెలియనట్టు అడిగాను, ఈ పేరు ఎవరిదని.

"పురానే జమానే కే కోయీ నేతా థే, అంకుల్" అన్నాడు, పుదీనా నీళ్ళు కలుపుతూ. పాతకాలపు నాయకుడట.

ఇంటికొచ్చి ఫోన్ పట్టుకుని కూర్చున్నాను. ఆ దేశంలో ఎలా ఉందో చూడాలనిపించింది, మా వాడు చెప్పని సంగతులేమైనా ఉన్నాయేమోనని. మిలాన్‌లో పెద్ద స్టేడియానికి ఆ దేశం గర్వించిన ఆటగాడి పేరు పెట్టారు. జనం ఇప్పటికీ ఆ పేటకున్న పాత పేరుతోనే పిలుస్తారట. ఆ పేటకు ఆ పేరు ఎలా వచ్చిందంటే, అదీ ఒక సాధువు పేరే. ముందు సాధువు పేట అయిపోయాడు, తర్వాత పేట స్టేడియం అయిపోయింది, ఆటగాడు బోర్డు మీద ఉండిపోయాడు. ఆ స్టేడియాన్ని కూడా చాలావరకు కూల్చి పక్కన కొత్తది కడతారని రాశారు. పెరూజా ఫోటోలు చూశాను. వానలో పడిపోయినతని పేరు కింద వేలమంది చేతులెత్తి అరుస్తున్నారు. ఏమని అరుస్తున్నారో ఫోటోలో వినబడదు. బూతులు లేకుండా ఎక్కడి జనమూ ఆట చూడరని నాకు తెలుసు. అతని తల్లి ఉందేమో, ఆ ఊళ్ళోనే ఉందేమో, ఆదివారాలు కిటికీలు మూసుకుందేమో అని వెతికాను. మా వాడన్నది నిజమే, తల్లుల గురించి ఎవరూ రాయలేదు. ఫోన్ విసిరికొడదామనిపించింది.

మర్నాడు సాయంత్రం కోచ్ దగ్గరకు వెళ్ళాను. బోర్డు తీయించెయ్యమన్నాను.

ఆయన మెళ్ళో ఉన్న విజిల్ తీసి జేబులో వేసుకున్నాడు. "ఎట్టమన్నదీ నువ్వే, తీయమన్నదీ నువ్వేనా తమ్ముడూ? నాను నీ మాట మీద తీయను. ఆ యమ్మ సెప్పాల. ఆ యమ్మ తీయమంటే నానే నిచ్చెనేసుకుని ఇప్పుతాను."

ఇంటికొచ్చేసరికి మా ఆవిడ బెండకాయలు తరుగుతోంది. ఎదురుగా కూర్చుని చెప్పాను.

"నీ మాటే నిజమైంది. తీయించేస్తాను. ఊఁ అను చాలు. నువ్వే నెగ్గావనుకో."

కత్తిపీట మీద చెయ్యి ఆగింది. "ఇందులో నెగ్గడమేటండి?" అంది. కాసేపటికి మళ్ళీ తరగడం మొదలుపెట్టింది.

"తీయమంటావా, ఉంచమంటావా?"

"సూద్దాం."

ఆ తర్వాత ఎన్నిసార్లు అడిగినా అదే మాట, సూద్దాం. ఏం చూస్తుంది? మైదానం వైపే చూడని మనిషి. ఆ బోర్డు ఉంటే నాకు నిద్ర లేదు, ఆవిడ నోరు విప్పకుండా అది తీసే దారీ లేదు. రోజూ షిఫ్టుకు వెళ్తూ వస్తూ దాని కింద నుంచే స్కూటర్ పోనిచ్చేవాణ్ణి, తలెత్తకుండా.

మొన్న ఓ పొద్దున పప్పు సగం ఉడికేసరికి గ్యాస్ అయిపోయింది. రెండో సిలిండర్ ఖాళీదే ఉంది, బుక్ చేసి అప్పటికే రెండ్రోజులైంది. నేను పెరట్లో అద్దం తగిలించుకుని గడ్డం చేసుకుంటున్నాను. మొహం నిండా నురగ. లోపల ఫోన్ మోగింది, ఆవిడ ఎత్తింది. సిలిండర్లు తెచ్చేవాడు కొత్తవాడు, వీధి నంబరు చెబితే తెలియడం లేదు. "నహీ భయ్యా, ఉధర్ నహీ, వాటర్ ట్యాంక్ కే ఇధర్" అంటూ ఫోన్ పట్టుకుని పెరట్లోకి వచ్చింది. మా ఇంట్లో లోపలి గదుల్లో సిగ్నల్ సరిగ్గా అందదు. అవతలివాడు ఏ గ్రౌండ్ వెనక అని అడుగుతున్నాడు, నాకు కూడా వినబడుతోంది. ఇలాంటప్పుడు ఆవిడ ఫోన్ నా చేతికిస్తుంది, నేను పేరు చెబుతాను. నాలుగేళ్ళుగా అదే అలవాటు. నురగ చెయ్యి తువ్వాలుకు తుడుచుకుని ఫోన్ కోసం చాపాను.

ఆవిడ ఇవ్వలేదు. పేరు చెప్పింది.

అంత స్పష్టంగా చెప్పింది. మా నాన్న పేరు, మా వాడి పేరు. అవతల ఏదో లారీ హారన్, వాడికి వినబడలేదు. క్యా, క్యా అంటున్నాడు. ఆవిడ గోడ దగ్గరకు వెళ్ళి, మైదానం వైపు తిరిగి, గట్టిగా అరిచింది. గ్రౌండ్ అనలేదు. ఉత్త పేరే. వాడికి మళ్ళీ వినబడలేదు కాబోలు, మళ్ళీ అరిచింది. చీకటి పడుతున్నా ఆట మానని పిల్లల్ని అన్నానికి రమ్మని ఈ సెక్టార్‌లో తల్లులు పిలుస్తారే, అలా పిలిచింది. మెడ నరాలు ఉబ్బాయి. పక్క క్వార్టర్ ఆవిడ గుమ్మంలోకొచ్చి నోటి మీద చెయ్యేసుకుని నిలబడిపోయింది. ఫోన్ ఆవిడ చెవి దగ్గర లేదు అప్పటికి, చెయ్యి కిందికి వాలిపోయింది. అయినా పిలుస్తూనే ఉంది.

నేను మైదానం వైపు చూశాను. ఇంత వయసొచ్చి, సిగ్గు లేకుండా, ఎవరైనా వస్తారేమోనని చూశాను. ఎండలో రెండు మేకలు గడ్డి వెతుక్కుంటున్నాయి. నా మొహం మీద నురగ ఎండి చర్మం బిగుసుకుపోతోంది.

కాసేపటికి వీధి మలుపులో సిలిండర్ల బండి హారన్ కొట్టింది. ఆవిడ కళ్ళు తుడుచుకుని, వెళ్ళి గేటు తీసింది.